గడ్డ లేని ఫిల్ము

మా అక్క మొగుడు పోర్టులో కలాసీ. తిన్నది ఇమడక, ఆసుపత్రిలో సుద్దనీళ్లలాంటి బేరియం తాగి ఎక్స్‌రే తీయించుకున్నాడు. వరండాలో పక్క రోగి ఫిల్ములో కోడిగుడ్డంత గడ్డ కనిపించింది. బావ తన ఫిల్మును ఎండకెత్తి నవ్వాడు.

"సూడు బామ్మర్దీ, నాకు గడ్డే నేదు! ఆడి పనైపోనాది."

లైబ్రరీలో వైద్యగ్రంథాలు చదివినవాణ్ణి కనుక నాకు అర్థమైంది. గడ్డగా పెరిగే క్యాన్సరును కోసి తీసే వీలుంటుంది. బావ ఫిల్ములో కడుపు మొత్తం గొట్టంలా బిగుసుకుపోయి ఉంది. ఈ రకం క్యాన్సరు కోతకు లొంగదు.

డాక్టరు పక్కతనికి ఆపరేషన్ రాశాడు. బావకు ఇంట్లో ఇష్టమైనవి పెట్టమన్నాడు.

"సూసావా, నన్నొగ్గేసినాడు!" అంటూ బావ దారిలో వంజరం చేప కొనిపించాడు.

రెండు ముద్దలకే కంచం నెట్టేశాడు.

"ఏటే, పులుసిలగ సెడగొట్టీసినావు?"

అక్క రుచి చూసింది. పులుసు బాగానే ఉంది.