చేతి సంచిలో చిన్న టోపీ

మధ్యాహ్నం రెండింటికి పోస్టు చేరాను. లద్దాఖ్‌లో పదిహేడు వేల అడుగుల ఎత్తున ఒక సన్నటి గట్టు. దాని మీద మూడు బంకర్లు. గాలి ఎడమ వైపు నుంచి కొడుతోంది. భుజాన రైఫిలు, వీపున సంచి, ముక్కులో గడ్డకట్టిన రక్తం. పోస్టు కమాండర్ నా మొహం చూసి, రేపటిదాకా పడుకోమని ఆర్డరిచ్చారు. నా సర్వీసు మొత్తంలో అంత తియ్యటి ఆర్డరు మరొకటి వినలేదు.

బంకర్లో ముందు తెలిసింది వాసన. కిరోసిన్. పొయ్యి రాత్రింబవళ్ళు దానితోనే మండుతుంది. మసి గోడలకు పడుతుంది, దుప్పట్లకు పడుతుంది, ఉమ్మితే నల్లగా వస్తుంది. రొట్టెలో అదే వాసన, టీలో అదే వాసన. బయటికి పోతే అదీ లేదు. మంచుకు వాసన లేదు, రాతికి లేదు. అక్కడ చెట్టు లేదు, తడిసే మట్టి లేదు. వారం తిరిగేసరికి నా ముక్కుకు లోకంలో ఒక్కటే వాసన మిగిలింది.

సికింద్రాబాద్‌లో ముచ్చటపడి కొన్న సామానంతా పైన పనికిరాకుండా పోయింది. టూత్‌పేస్టు రాయి. కొబ్బరినూనె రాయి. షాంపూ సీసా నెత్తిన కొడితే మనిషి పడిపోతాడు. పేస్టు కావాలంటే ట్యూబును చంకలో పెట్టుకుని పడుకోవాలి. ఎండకు మొహం మాడకుండా పూసుకునే క్రీము మాత్రం తప్పనిసరి, అది రాసుకోకపోతే కమాండర్ తిట్లు తప్పవు. సబ్బొక్కటే మారలేదు. కాని దానితో చేయాల్సిన స్నానమే లేదు.

అయినా ఆ పోస్టులో సబ్బుకు ఒక మర్యాద ఉండేది. కింది నుంచి వచ్చినవాడు ఎవడైనా సరే, ఒక కొత్త సబ్బు తేవాలి. సాయంత్రం టీ అయ్యాక అందరి ముందు దాని కాగితం చింపాలి. అది చేతులు మారుతుంది. ఎవరూ దానితో కడుక్కోరు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పక్కవాడికి ఇస్తారు. చుట్టు తిరిగి వచ్చేదాకా ఎవరూ మాట్లాడరు. వంటవాడు రెండుసార్లు వాసన చూసేవాడు. వంటవాడితో తగాదా పెట్టుకునేంత పిచ్చివాళ్ళు మాలో లేరు.

మొదటిసారి చింపింది నేను తెచ్చిన గంధం సబ్బే. మా వదిన పెట్టిచ్చింది. అది ఒక్కొక్కరి దగ్గరా ఆగి నా దగ్గరికి వచ్చింది. వాళ్ళంతా ఎవరో ఒకరిని తలచుకున్నారని మొహాలు చూస్తేనే తెలిసిపోయింది. నేనూ కళ్ళు మూసుకున్నాను. నాకు సబ్బు వాసన వచ్చింది. అంతే. పెళ్ళి కాలేదు, అమ్మ నా చిన్నప్పుడే పోయింది. సెలవుకు పోతే సీతాఫల్‌మండిలో అన్నా వదినల ఇల్లు, హాల్లో దివాను. వాళ్ళు ప్రేమగానే చూస్తారు. కాని కళ్ళు మూసుకుంటే ముందుకొచ్చే మనిషి నాకు లేదని ఆ సాయంత్రమే తెలిసింది. చాలా ఒంటరిగా అనిపించింది. సబ్బును పక్కవాడికి ఇచ్చేశాను.

పక్కవాడు మా రేడియో ఆపరేటర్. బోయిన్‌పల్లి అబ్బాయి. పోస్టులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. డ్యూటీలో నన్ను హవల్దార్ సాబ్ అనేవాడు, హెడ్‌ఫోన్లు తీస్తే అన్నా అనేవాడు. అతను పైకొచ్చాక ఆడపిల్ల పుట్టింది. సెలవు మంజూరైంది కూడా. అతని బదులు వచ్చిన ఆపరేటర్‌కు ఎత్తు పడక, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, హెలికాప్టర్లో కిందికి తీసుకుపోయారు. రేడియో వదిలి పోవడానికి లేదు. అతని సెలవు ఆగిపోయింది. నా సెలవు వచ్చింది.

నేను దిగే పొద్దున అతను సెట్టు ముందు కూర్చుని, ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపాడు.

"అన్నా, జెర మా అత్తగారింటికి పోయి రా. బిడ్డ టోపీ ఒకటి ఇయ్యుమను. ఉతకకుండ."

"ఉతకకుండనా? ఎందుకురా?"

"ఫోటో చూసిన. ఫోన్ల ఏడుపు సుత ఇన్న. వాసనే తెల్వది అన్నా. బిడ్డ వాసన గిట్లుంటదని తెలిస్తే, నేను ఇంకో చలికాలం సుత కూసుంటా ఈడ."

సెట్టు గరగరమంది. అతను హెడ్‌ఫోన్ సర్దుకుని హిందీలోకి మారిపోయాడు. "సబ్ ఠీక్. ఓవర్."

అతని అత్తగారిల్లు కూడా బోయిన్‌పల్లిలోనే, కూరగాయల మార్కెట్ వెనక సందులో. నేను పోయేసరికి పాపకు స్నానం చేయించి సాంబ్రాణి వేస్తున్నారు. ఆపరేటర్ భార్య సంగతి విని లోపలికి పోయింది. ముందురోజంతా పాప పెట్టుకున్న టోపీ తెచ్చి, ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా ముడేసింది. దానితోపాటు ఒక చిన్న సీసాలో నూనె ఇచ్చింది. పాప ఒంటికి రాయడానికి వాళ్ళమ్మ మెంతులు వేసి కాచిన కొబ్బరినూనె. టోపీ వాసన తగ్గితే ఈ నూనె వాసన చూడమనండి, పిల్ల దగ్గర సగం వాసన ఇదే అంది. పాపను ఎత్తుకోమని నా చేతికివ్వబోయింది. వద్దన్నాను. తండ్రి కంటే ముందు నాకు ఆ వాసన తెలియడం న్యాయం కాదనిపించింది.

ఇప్పుడు నేను రిటైరై యాప్రాల్లో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్లో ఎవరు విమానమెక్కినా ముందురోజు నా తలుపు కొడతారు. రేజరు బ్లేడ్లు, కత్తెర పెద్ద సంచిలో పెట్టండి, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, లైటరు ఇంట్లో వదిలేయండి, నూనెలూ పచ్చళ్ళూ పెద్ద సంచిలో, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించండి అని చెబుతాను. నేనేదో ఎయిర్‌పోర్టుకు ఇంటల్లుణ్ణి అన్నట్టు శ్రద్ధగా వింటారు. ఇవన్నీ నాకు సెలవు ముగిసి పోస్టుకు బయల్దేరిన ఆ రోజూ తెలుసు. అయినా టోపీ, నూనె రెండూ చేతి సంచిలోనే పెట్టుకున్నాను. అంతకుముందు నా పెద్ద సంచి ఒకసారి ఢిల్లీలో ఆగిపోయి చాలా ఆలస్యంగా చేరింది. వీటిని మాత్రం కంటికి కనబడకుండా పంపే ధైర్యం నాకు లేకపోయింది.

శంషాబాద్‌లో తనిఖీ దగ్గర నా సంచిని పక్కకు తోశారు. యూనిఫాంలో ఉన్న అమ్మాయి ఒక్కొక్కటే బయటికి తీసింది. నూనె సీసా ఎత్తి చూపించి, ఎంత చిన్నదైనా నూనె చేతి సంచిలో పోదంది. ఫౌజీనని చెప్పాను. కార్డు చూసి నమస్కారం పెట్టింది, సీసా మాత్రం నా వైపు జరపలేదు. పెద్ద సంచి అప్పటికే బెల్టు మీద లోపలికి వెళ్ళిపోయింది. సరే, టోపీ ఉంది కదా అనుకున్నాను. అంతలో ఆమె టోపీ బయటికి తీసింది.

కవరు లేదు. ముడి లేదు. తెల్లగా మెరుస్తూ, మడత నలగకుండా ఇస్త్రీ చేసిన టోపీ. బట్టల లిక్విడు పూల వాసన గుప్పుమంది.

అక్కడే నిలబడి వదినకు ఫోన్ చేశాను. ఆమె సంతోషంగా చెప్పింది. "నీ సంచి సర్దుతుంటే చూసిన, పాల వాసన కొడుతుండె మరిదీ. ఒకరి ఇంటి బట్ట, పసిపిల్లది, గట్ల మాసినది పంపుతే మనకు మర్యాదనా? నేనే ఉతికి ఇస్త్రీ చేసిన."

ఆమెనేమంటాం. ఇతరుల గిన్నెను ఖాళీగా తిరిగి పంపని ఇల్లు అది. మంచిది వదినా అని పెట్టేశాను. బోయిన్‌పల్లి ఊరికి ఆ చివర, విమానం ఎక్కే పిలుపు వస్తోంది. పైన ఒక మనిషి రేడియో ముందు కూర్చుని ఎదురుచూస్తున్నాడు. పాప వాసనలో నాకు మిగిలింది ఆ సీసాలో ఉన్న సగమే, అది చెత్తబుట్ట అంచు మీద ఉంది.

జరిగిందంతా ఆ అమ్మాయికి చెప్పాను. ఎక్కువ మాటల్లేకుండా, రిపోర్టు ఇచ్చినట్టే చెప్పాను. ఆమె సీసా మూత తీసి వాసన చూసింది.

"మా అమ్మ సుత గిట్లనే కాస్తది" అంది. టోపీని నా వైపు జరిపింది. "సీసా పోదు సార్. బట్టకు జెర రాసుకోండ్రి. కారకుండ చూసుకోండ్రి."

ఆమె బల్ల పక్కనే నిలబడి నాలుగు చుక్కలు టోపీ లోపల రాశాను. ఆమె మరొకసారి అంతా తనిఖీ చేసి, టోపీని తనే మడిచి నా చేతికిచ్చింది. సీసా బుట్టలో పడింది.

పోస్టులో నేను తెచ్చిన సబ్బు చింపకముందే ఆపరేటర్‌ను పక్కకు పిలిచి టోపీ ఇచ్చాను. పొయ్యికి దూరంగా, తలుపు దగ్గరికి తీసుకుపోయాడు. మొహానికి అదుముకుని చాలాసేపు ఉన్నాడు.

"నూనె మా అత్తమ్మ కాచిందే" అన్నాడు. ఇంకోసారి చూశాడు. "బిడ్డ వాసన ఏదీ అన్నా, ఇండ్ల?"

అబద్ధం చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు. వదిన ఉతికిందని చెప్పాను. అతను తల ఊపాడు. మా అమ్మ అయినా గట్లనే చేస్తుండె అన్నాడు. కోపం లేదు. టోపీని చొక్కా లోపల పెట్టుకుని సెట్టు ముందుకు పోయాడు. ఆ సాయంత్రం సబ్బు అతని దగ్గరికి వస్తే చూడకుండా నాకు ఇచ్చేశాడు. నేనూ చూడలేదు. కొన్నాళ్ళకు ఆ టోపీ కూడా కిరోసినే అయిపోయింది.

మా దళం దిగేనాటికి పాపకు ఏడాది దాటింది. ఇద్దరం ఒకే విమానంలో వచ్చాం. కింద క్యాంపులో రోజూ వేడినీళ్ళతో స్నానాలు చేశాం, బట్టలన్నీ మార్చాం. అయినా శంషాబాద్‌లో దిగగానే అతను తిన్నగా వాష్‌రూమ్‌కు పోయాడు. గోడకున్న సబ్బు నీళ్ళు చేతులకు పట్టించి కడిగాడు, వాసన చూసుకున్నాడు, మళ్ళీ కడిగాడు. మోచేతుల దాకా, మెడ దాకా. తర్వాత తడి చేతులు నా మొహం దగ్గర పెట్టాడు.

"వాసనొస్తుందా అన్నా? కిరోసిన్?"

"నాకు తెలుస్తలేదురా. నా ఒంటి మీద సుత గదే ఉంటది గద."

బయట అతని భార్య పాపను ఎత్తుకుని నిలబడింది. నా కోసం ఎవరూ రాలేదు, నేను ఎవరికీ చెప్పలేదు కూడా. ఆమె పాపను అందించబోయింది. అతను తీసుకోలేదు.

ఎన్నో చూశాను ఆ పోస్టులో. అవన్నీ మెల్లగా చెరిగిపోతున్నాయి. ఇది మాత్రం పోదు. అంత పొడుగు మనిషి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెడ ఒక్కటే వంచి, కూతురి నెత్తి మీద ముక్కు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ట్రాలీలు తోసుకుంటూ జనం పక్క నుంచి పోతున్నారు. పాప ఏడవలేదు. అతని చేతులు వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.