మాట వచ్చేంత బరువు

ఆత్మకూరులో మా కుట్టు షాపు పై అంతస్తులో ఈమధ్య జిమ్ పెట్టారు. సాయంత్రమయ్యేసరికి ఇనుప బిళ్ళలు దబ్బున నేలమీద పడతాయి, నా మిషను మీది కత్తెర అదురుతుంది. ఆ చప్పుడుతో నాకు తడి ఇసుక వాసన వస్తుంది, రమణమ్మక్క గుర్తొస్తుంది. మర్రిపాడు నుంచి గొర్రెల్ని తోలుకొచ్చి మా ఇంటి పక్కన కాపురమున్న మనిషి. యాభై దాటిన వయసు, సన్నటి చేతులు. నాకు బరువెత్తడం నేర్పింది ఆమే.

అప్పటికి ఏడాది ముందు ఉదయగిరి దారిలో లారీ బోల్తాపడి మా ఆయన కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మార్చాలంటే ఎదురింటివాళ్ళని పిలవాలి. ఒంటికి పోవాల్సినప్పుడల్లా పిలవడం ఇష్టంలేక ఆయన నీళ్ళు తాగడమే తగ్గించేశారు. గొంతు తడుపుకోవడానికి రెండు గుక్కలు, అంతే. ఆ ఎండాకాలం మూత్రంలో మంట పుట్టి ఆసుపత్రి పాలయ్యారు. "మళ్ళీ ఇట్టనే చేస్తే కిడ్నీలు చెడిపోతాయమ్మా" అన్నాడు డాక్టరు. ఆయన్ని లేపలేని నా చేతుల మీద నాకే కోపం వచ్చింది.

తొలి వానలకు రమణమ్మక్క పొట్టేలు ఒకటి కాలవలో జారిపడింది. ఆమె దిగి, గొంతుకూర్చుని దాన్ని రెండు చేతులా కావలించుకుంది. "ఏందిరా, నీకీ దోవే దొరికిందా? కదలబాక" అని కబుర్లు చెబుతూనే లేచి నిలబడింది. గొంతు ఎక్కడా వణకలేదు. నేను గొడుగు పట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

"నాకూ నేర్పించక్కా" అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. ఒక సంచిలో నాలుగు దోసిళ్ళ ఇసుక పోసింది. నాకు నామోషీగా అనిపించి "ఇదేం బరువక్కా?" అన్నాను.

"ఎత్తి నిలబడి నీ పేరూ ఊరూ చెప్పు మే."

"పద్మ. వరికుంటపాడు."

"మాటొస్తా ఉండాది గదా, ఇంకో రెండు దోసిళ్ళు." అలా పోస్తూ పోయి, నా మాట తడబడిన చోట ఆపి, ఒక దోసెడు తీసేసింది. అదే నా మొదటి బరువు. ఎనిమిదిసార్లు ఎత్తించి చాలంది. "ఇంకో రెండు ఎత్తగలననిపిస్తా ఉండాదా?" అని అడిగింది. అవునన్నాను. "ఆ రెండూ నీకాడే పెట్టుకో. రేపటికి కావాల."

పదో రోజున నాకు తొందర పుట్టింది. ఆమె గొర్రెల్ని మేతకు తోలుకెళ్ళడం చూసి, సంచి నిండా పోసి ఎత్తాను. నడుము పట్టేసింది. మూడు రోజులు నేనూ మంచమే, ఆ మూడు రోజులూ ఆయన మళ్ళీ నీళ్ళు మానేశారు. రమణమ్మక్క వచ్చి సంచి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. "ఎవురితో మే నీకు పందెం? నీ బాధ సంచికి తెలస్తాదా?" అంది. నేను ఏడ్చేశాను. నొప్పి పోయాక మళ్ళీ నాలుగు దోసిళ్ళ నుంచే మొదలుపెట్టించింది. వారం చూసి, ఎనిమిదీ తేలిగ్గా వస్తేనే ఇంకో దోసెడు కలిపేది. పొద్దుట్నుంచి గొర్రెల వెంట తిరిగొచ్చిన మనిషికి అంత ఓపిక ఎక్కడిదో నాకు ఇప్పటికీ అబ్బురమే.

చలి ముదిరిన ఒక ఉదయం రమణమ్మక్క ఆయన చేతుల్ని నా మెడ చుట్టూ వేయించింది. నేను మోకాళ్ళు వంచి ఆయన్ని పట్టుకున్నాను. ఆమె పక్కనే చేతులు చాచి సిద్ధంగా ఉంది. లేచాను. ఆయన బరువంతా నా మీదే ఉంది.

"పేరు?" అంది రమణమ్మక్క.

"పద్మ."

"ఊరు?"

"వరికుంటపాడు." గొంతు వణకలేదు.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. "చెంబుతో నీళ్ళియ్యి" అన్నారు. గటగటా తాగి, ఖాళీ చెంబు మళ్ళీ చాచారు. రమణమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుని, గొర్రెల్ని వదలాలంటూ వెళ్ళిపోయింది.

ఆమె చనిపోయి రెండేళ్ళు. నిన్న జిమ్ నుంచి ఒక కాలేజీ అమ్మాయి నడుము పట్టుకుని మెట్లు దిగుతుంటే పిలిచి కూర్చోబెట్టాను. ఎత్తినప్పుడు పేరూ ఊరూ పైకి చెప్పమన్నాను, మాట రాకపోతే బరువు తగ్గించమన్నాను. వింతగా చూసింది. చూడనీ. రోజూ పొద్దున ఆయన్ని లేపేటప్పుడు నేనిప్పటికీ చెబుతాను, పేరూ ఊరూ.

"తెల్సులే మే, ముందు నీళ్ళియ్యి" అంటారాయన, నా చెవి దగ్గర.