అద్దం మీది కాటుక చుక్క

మొన్న మంగళగిరిలో మా అమ్మాయి కోటి ఇంట్లో ఆముదం దీపం వెలిగించి, దాని మీద రాగి పళ్లెం బోర్లించి, మూడో నెల నడుస్తున్న మనవరాలి కోసం కాటుక పట్టాను. మాడిన వత్తి, వేడెక్కిన రాగి, ఆముదం జిడ్డు కలిసిన ఆ వాసన ఇల్లంతా పాకగానే కోటి వంటగదిలోంచి వచ్చింది. "చుక్కా గిక్కా ఏం వద్దమ్మా దానికి" అని కిటికీ రెక్కలు బార్లా తెరిచి వెళ్లిపోయింది. గొంతు పెంచలేదు. నా మీద అది గొంతు పెంచడం మానేసి చాలా ఏళ్లయింది.

చిన్నతనం గురించి రాయడానికి కూర్చున్నాను గానీ, నాకు చిన్నతనం లేదు. ఎనిమిదో ఏట నడుముకు గోనెసంచి కట్టి పత్తి చేలోకి తోశారు. మిరపకాయలు కోసిన చేతులతో కళ్లు నులుముకుని ఏడవడం, ఏడ్చినందుకు దెబ్బలు తినడం, అంతకు మించి జ్ఞాపకం లేదు. నేను కళ్లారా చూసిన బాల్యం మా కోటిది. అదీ తొమ్మిదో ఏటి దాకానే. తర్వాత దాన్ని నేనే ఆపేశాను.

తొంభైల చివర్లో, వరసగా రెండేళ్లు పత్తిని పురుగు తినేసి, మందు కొట్టీ కొట్టీ మా ఆయన ఛాతీ పాడైపోయాక, ప్రకాశం జిల్లాలో మా ఊరు వదిలి గుంటూరు చేరాం. మాఘమాసం వచ్చేసరికి అక్కడి గాలి కూడా మిరపకాయ ఘాటే. బడిలో పంతులు తుమ్మితే వెనక బల్ల దాకా ఎలా తుమ్ముకుంటూ పోయేవాళ్లో కోటి మూతి వంకర్లు తిప్పి చేసి చూపించేది. వీధి కంకర ఏరి అచ్చంగాయలు ఆడేది. లేత చింతకాయలు ఉప్పూ కారంలో అద్దుకుని తిని, పళ్లు పులిసి అన్నం నమల్లేక కూర్చునేది. వినాయక చవితి ఉండ్రాళ్లు రెండు గౌను జేబులో దాచి మర్నాటికి చీమలు పట్టించేది. రోడ్డు మీద నడిస్తే మాత్రం నా కొంగు చివర వేలికి చుట్టుకుని గానీ అడుగు వేసేది కాదు.

నేను పని చేసే ఇల్లు మస్తాన్ గారిది. రేడియోలు బాగుచేసిన మనిషి. రేడియోలు పోయాక మేడ మీద గదిలో అద్దాల తొట్లు పెట్టి డిస్కస్ చేపలు పెంచేవారు. గుండ్రంగా, పలచగా, అరచేయంత. కోటి వాటికి అప్పడం చేపలని పేరు పెట్టింది. వాటికి మా బోరు నీళ్లు పడవు. వానాకాలమంతా మేడ మీది నీళ్లు డ్రమ్ములకు పట్టి, గుడ్డతో వడకట్టి పోసేవారు. కింద అంట్లూ బట్టలూ నావి. మేడ మీద ఆయనకు సాయం కోటిది. ఎవరి పని వాళ్లదే.

ఆ చేపల సంగతి కోటి చెబితేనే విన్నాను. బోర్లించిన పూలకుండీకి గుడ్లు అంటిస్తాయి. పిల్లలు పుట్టి రెండు మూడు రోజులు ఆ కుండీకే వేలాడి, ఒకనాడు వదిలి ఈదుతాయి. ఆ రోజే గండం. అమ్మానాన్నల ఒంటి మీద ఊరే జిగురే వాటికి తిండి, ఒంటికి అంటుకుంటేనే బతుకుతాయి.

"నాన్న చేప కూడా పాలిస్తదమ్మా" అంది కోటి.

"మీ నాన్నకి చెప్పు, సిగ్గు తెచ్చుకుంటాడు" అన్నాను. మంచంలో దగ్గుతూనే నవ్వాడాయన.

ఆ ఏడు దసరా సెలవుల్లో ఒక జత గుడ్లు పెట్టింది. పాలిపోయిన పసుపు రంగు జత. అంతకు ముందు వాటి పిల్లలన్నీ చచ్చాయట. పిల్లల కంటికి ఆనేది నలుపే. ఈ రంగు వాటిలా అమ్మ ఒళ్లు నల్లబడకపోతే, నల్లగా ఏది కనిపిస్తే దానికే పోయి అతుక్కుని, తిండి లేక మాడి చస్తాయి. అందుకని ఈసారి మస్తాన్ గారు నల్లవన్నీ తీసేయించారు, నీళ్లలో బుడగలు వదిలే గాలి మరతో సహా. నీళ్లు జానెడుకు దించారు. కోటి జుట్టు కూడా నలుపేనని తల మీద తెల్ల తువ్వాలు కప్పుకోమన్నారు. ఈ నలుపు సంగతి నాకు మాత్రం ముందు తెలియదు. తువ్వాలు చూసి ఆటనుకున్నాను.

పిల్లలు కుండీ వదిలిన రోజు పొద్దుటి నుంచి కోటి తొట్టి ముందు నుంచి లేవలేదు. సిరా పోసే ఫిల్లరు మొన కోసి ఇచ్చారాయన. దారి తప్పిన పిల్లల్ని దాంతో మెల్లగా పీల్చి, అమ్మ పక్కన వదలడం. మధ్యాహ్నం నేను అన్నం తీసుకుని వెళితే, కిటికీ వైపు అద్దానికి పై అంచున ఒక చీటీ అంటించి ఉంది. కోటి రాతే.

"ఏం రాశావే?"

"నువ్వే చదువుకో" అని పకపకా నవ్వింది. నాకు అక్షరం ముక్క రాదని దానికి తెలుసు. చురుక్కుమంది. మళ్లీ అడగలేదు.

సాయంత్రానికి సగానికి పైగా పిల్లలు అంటుకున్నాయి. పెద్ద చేప ఒంటి మీద నూగులా ఆడుతున్నాయి. మస్తాన్ గారు బంధువుల పెళ్లికని పొన్నూరు బయల్దేరుతూ, "రేపు నే వచ్చేదాకా ఈ తొట్టి నీదే కోటమ్మా" అన్నారు. అది తల మీద తువ్వాలు సర్దుకున్న తీరు చూడాలి, మునసబుగారు తలపాగా సర్దుకున్నట్టు.

ఆయనటు వెళ్లగానే పక్కింటావిడ చూడటానికొచ్చింది. "అమ్మో, ఎన్ని పిల్లలే! మీ పిల్ల చేతి చలవేగా అంతా!" అని బుగ్గ గిల్లి పోయింది. కోటిని కిందికి పిలిచి బుగ్గ మీద ఇంత కాటుక చుక్క పెట్టాను. కిటికీ వేయడానికి మేడెక్కాను. వేలికి ఇంకా కాటుక ఉంది. వీటికి మాత్రం దిష్టి తగలదా అనుకున్నాను. సరిగ్గా ఆ చీటీ కింద, నీళ్లు ఉన్న మేర, బొటనవేలంత చుక్క పెట్టాను. దణ్ణం కూడా పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కోటి కేక. "అమ్మా, దా! రావట్లేదే అమ్మా, ఎన్నిసార్లు తెచ్చినా అటే పోతన్నాయే!" వెళ్లి చూద్దును కదా, అడుగున సన్నని చేప పిల్లలు ఊకలా పడున్నాయి. బతికినవి నా చుక్క దగ్గర గుంపుగా అద్దాన్ని పొడుస్తున్నాయి. పెద్ద చేపలు రెండూ ఇవతల మూలలో ఒట్టి ఒంటితో నిలబడి ఉన్నాయి. కోటి ఫిల్లరుతో ఒక్కొక్కదాన్నీ పట్టి తేవడం, అది మళ్లీ అక్కడికే పోవడం. కొంగుతో చుక్క తుడిచాను. తుడుస్తున్న నా చేతినే చూసింది కోటి.

మధ్యాహ్నం మస్తాన్ గారు వచ్చేసరికి ఈదేది ఒక్కటీ లేదు. అద్దం మీద జిడ్డు మరక వేలితో రాసి వాసన చూశారు. కోపం లేదు ఆయన గొంతులో, అదే ఇంకా కష్టం. "కాటుక ఎవరు పెట్టారమ్మా?"

ఇంట్లో దగ్గే మనిషి గుర్తొచ్చాడు. ఈ పని పోతే అన్న భయం గుర్తొచ్చింది. ఇవి నేను ఆనక వెతుక్కున్న కారణాలు. అప్పుడు మాత్రం నోరు దానంతటదే కదిలింది. "మా పిల్లేనండి సాయిబు గారూ. ఆటకి పెట్టుంటది."

కోటి బుగ్గ మీద చుక్క ఇంకా అలాగే ఉంది. ఆయన దాన్నే చూశారు. తర్వాత అద్దం మీది చీటీ ఊడదీసి, "ఇది రాసింది నువ్వే కదమ్మా, మరి?" అన్నారు.

కోటి నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలుసు. "నేనే పెట్టానండి" అంది. ఆయన ఆ చీటీ దాని చేతిలో పెట్టి, "ఇంక మేడ మీదకి రావద్దులే తల్లీ" అన్నారు.

ఇంటికి పోయేటప్పుడు నా కొంగు పట్టుకోలేదు. నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. వారం తిరక్కుండా అట్లతద్ది వస్తే, ఉయ్యాలకి రమ్మని పిల్లలు గుమ్మంలో గోల చేసినా లేవలేదు. ఆ ఇంట్లో నేను ఇంకో ఆరేళ్లు పని చేశాను. నిజం చెప్పడానికి ఆరేళ్లు చాలవా? చాల్లేదు. ఆయన పోయారు.

ఇప్పుడు అక్కడ అపార్టుమెంటు లేచింది. వాన నీళ్ల డ్రమ్ములు లేవు, ఫిల్లర్లు లేవు, అచ్చంగాయలాడే పిల్లలు లేరు. కాటుక పెన్సిలై కొట్లో దొరుకుతోంది. ఆ చీటీ మాత్రం మా పెట్టె అడుగున మిగిలింది. యాభై దాటాక, మా వీధిలో పెద్దవాళ్లకు చదువు చెప్పే అమ్మాయి దగ్గర అఆలు దిద్దుకుని, చదవడం చేతనయ్యాక దాన్ని తీశాను. కూడబలుక్కుని చదవడానికి ఒక పూట పట్టింది.

"నల్లవి దగ్గర పెట్టకండి. పిల్లలు అదే అమ్మ అనుకుంటాయి."

మొన్న కాటుక పళ్లెం పక్కకు నెట్టి, పాపను జోకొడుతున్న కోటితో అన్నాను, "ఆ చీటీ చదివానే."

ఏ చీటీ అని అడగలేదు. కాసేపు పాప వీపు నిమిరింది.

"ఇప్పటికా?" అని పాపను అటు భుజానికి మార్చుకుంది.