ఓబులమ్మ తెర వెనక పెట్టిన శోకం

ఏడిస్తే రాచర్ల ఓబులమ్మే ఏడవాలి అనేవాళ్లు. ఇదేం పొగడ్త అనుకోవద్దు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడమనిషికి అంతకు మించిన పొగడ్త లేదు. ఎవరింట్లో చావైనా ముందు ఆమెకే కబురు వచ్చేది. వెళ్లి, పోయినవాళ్ల తల్లినో పెళ్లాన్నో వాటేసుకుని శోకం ఎత్తుకునేది. పోయిన మనిషి తొడిగిన చెప్పులు, తిన్న గిన్నె, మేపిన గొర్రె అన్నీ అందులోకి వచ్చేవి. ఆమె ఒక మాట ఎత్తితే ఆ ఇంటి ఆడమనిషి దానికి బదులు ఎత్తాలి. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్నవాళ్లు కూడా కరిగిపోయేవాళ్లు. తన గొంతుకు ఆ శక్తి ఉందని ఓబులమ్మకు తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

అవి సినిమాకు ఇంకా నోరు రాని రోజులు. రాచర్ల పక్కనున్న గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. పంటలు ఇళ్లకు చేరాక ముస్తాక్ అహ్మద్ అనే ఆయన అక్కడ డేరా వేసి బొమ్మ ఆడించేవాడు. ఆ ఏడు తెచ్చింది ఒక రాజుగారి కథ, చాలా పొడుగు. రాజకుమారుడు గుర్రం మీద నుంచి పడి చనిపోతే రాణి వాణ్ని ఒళ్లో వేసుకుని ఏడుస్తుంది, ఆ ఏడుపు ఎంతకీ తెగదు. హార్మోనియం వాయించేవాడున్నాడు, కథ చెప్పేవాడున్నాడు. అయినా రాణి నోరు చప్పుడు లేకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే డేరా అంతా గొల్లున నవ్వేది. ముస్తాక్ అహ్మద్ తల పట్టుకున్నాడు.

ఎవరు చెప్పారో గానీ బండి కట్టుకుని వచ్చి ఓబులమ్మ వాకిట్లో నిలబడ్డాడు. తెర వెనక కూర్చుని ఆ కాసేపు ఏడిస్తే చాలమ్మా అన్నాడు. చావు లేని చోట ఏడవడమేందని ఆమె మొగుడు గంగయ్య గొణిగాడు. ఓబులమ్మ వినలేదు. అంతమంది జనం తన గొంతు వింటారన్న ఆశ ఆమెను నిలవనివ్వలేదు.

తెర వెనక నుంచి చూస్తే బొమ్మ కుడిది ఎడమగా కనిపించేది. కథ చెప్పేవాడు గుంజ మీద తట్టగానే ఆమె ఎత్తుకోవాలి. మొదటి రోజు అయ్యో కొడకా, అయ్యో నాయనా అని ఊరికే ఏడ్చింది. నవ్వులు తగ్గాయి గానీ ఎవరూ కంటతడి పెట్టలేదు. ఓబులమ్మకు తల కొట్టేసినట్టయింది. గుర్రాలెక్కే రాజకుమారుడి గురించి ఏమని ఏడవాలి? వాడేం తిన్నాడో, ఏం తొడిగాడో ఆమెకేం తెలుసు?

మర్నాడు తనకు తెలిసినవాడి గురించి ఏడ్చింది.

పక్కింటి రమణమ్మకు సుబ్బన్న ఒక్కడే కొడుకు. కిందటేడు జ్వరంతో పోయాడు. శవం లేచేటప్పుడు వాడు పెంచిన పొట్టేలు దొడ్డి వాకిట అడ్డంగా నిలబడింది. ఆ రోజు రమణమ్మను వాటేసుకుని ఎత్తుకున్న మాటలే ఓబులమ్మ ఇప్పుడు తెర వెనక ఎత్తుకుంది. రాజకుమారుడికి పొట్టేలు ఎక్కడిదని డేరాలో ఒక్కరూ అడగలేదు. ఆడవాళ్లు ముక్కులు చీదుకుంటూ బయటికి వెళ్లారు. ఆమె మనసులో ముల్లు గుచ్చుకోకపోలేదు. రమణమ్మ ఇక్కడ లేదు కదా అని సర్దిచెప్పుకుంది. రోజూ అవే మాటలు ఎత్తుకుంది.

పేరు రాచర్ల దాకా పాకింది. మన ఓబులమ్మ బొమ్మకు గొంతిస్తోందట అని ఒకనాడు ఊరి ఆడవాళ్లు బండ్లు కట్టారు. ఏడాదిగా గడప దాటని రమణమ్మను కూడా, కాస్త మనసు మళ్లుతుందని బతిమాలి ఎక్కించుకున్నారు. ఓబులమ్మ అప్పటికే డేరా చేరింది. ఆమెకు ఈ సంగతి తెలియదు.

గుంజ మీద దెబ్బ పడింది. ఆమె ఎత్తుకుంది.

"నీ పొట్టేలు దొడ్డి వాకిట నిలబడింది కొడకా, ఎవరు తోలితే కదులుతాది కొడకా..."

తెర అవతల నుంచి బదులు వచ్చింది.

"ఎవరు తోలినా కదలదు వదినా, వాని చెయ్యి తగిల్తేనే కదులుతాది..."

అది రమణమ్మ గొంతు. కొడుకు శవం దగ్గర ఏ మాట బదులిచ్చిందో అదే మాట. తన కొడుకు శోకం వినపడితే తల్లి బదులివ్వాలి, ఇచ్చింది. ఓబులమ్మ శోకం అక్కడే తెగిపోయింది. తెర మీద రాణి నోరు తెరుస్తూనే ఉంది. ఇదీ ఆటలోదే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ ఓబులమ్మ సిగ్గుతో చితికిపోయింది.

ముస్తాక్ అహ్మద్ పరుగున వచ్చి, రేపు ఆ అమ్మను కూడా తోడు తెచ్చుకోమన్నాడు. ఓబులమ్మ ఆయన మొహం చూడకుండా బయటపడింది. రమణమ్మ బండిలో కూర్చుని ఉంది. తిట్టలేదు.

"వాని మాటలు బొమ్మకిచ్చినావా వదినా?" అని మాత్రం అడిగింది.

 బండెక్కడానికి మొహం చెల్లక ఓబులమ్మ రాచర్ల దాకా దాని వెనకే నడిచింది. మళ్లీ డేరాకు పోలేదు. ఏ చావుకు వెళ్లినా నోరు తెరవలేదు. గిద్దలూరు చప్పట్లతో పొగరెక్కిందని ఊరు అనుకుంటే పడింది. రమణమ్మ ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేది.

కొన్నేళ్లకు గంగయ్య పోయాడు. ఓబులమ్మ ఏం శోకం పెడుతుందోనని ఊరంతా చూసింది. ఆమె శవం పక్కన పెదాలు బిగించి కూర్చుంది. ఏ మాట నోటి దాకా వచ్చినా అది డేరాలో ఆడించిన మాటే అనిపించి మింగేసింది. అప్పుడు రమణమ్మ వచ్చి, ఆమె మెడ చుట్టూ చేతులు వేసి తనే ఎత్తుకుంది. గంగయ్య కర్ర చూరులోనే ఉందనీ, గొర్రెలు దాని కోసం చూస్తున్నాయనీ. ఎత్తి, బదులు కోసం ఆగింది. రాలేదు.

"ఏడువు వదినా," అంది చెవిలో. "ఈడ తెర లేదు."

ఓబులమ్మ ఆమె భుజంలో మొహం దాచుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో మాట ఒక్కటీ లేదు.