మా ఇంట్లో ఏది ఎవరిది

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు నన్ను ఏ డెబ్భై ఏళ్ళ ముసలమ్మగానో ఊహించుకుంటారేమో. అంత లేదు. నేను చెప్పబోయే ఆ రోజులు గట్టిగా లెక్కపెడితే ఎనిమిదేళ్ళ కిందటివి. అప్పుడు నాకు ఇరవై నాలుగు. కానీ ఆ వయసులో నా తెలివి మీద నాకున్న నమ్మకాన్ని ఇప్పుడు తలుచుకుంటే, అదెవరో వేరే మనిషి సంగతి అన్నంత దూరంగా ఉంటుంది. అనకాపల్లిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, సాయంత్రాలు ఫోన్‌లో నార్వే భాష నేర్చుకునేదాన్ని. అక్కడ ముసలివాళ్ళను చూసుకునే హోముల్లో ఉద్యోగాలున్నాయనీ, వాళ్ళ భాషలో మాట్లాడి పరీక్ష నెగ్గితేనే తీసుకుంటారనీ చెప్పి ఒక ఏజెన్సీవాళ్ళు మా పదిమందిని చేర్చుకున్నారు. నోటి పరీక్ష ఒక్కటే అవకాశం. అది పోతే మళ్ళీ పిలుపు ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో వాళ్ళకే తెలియదు.

మా ఇంటి గురించి కాస్త చెప్పాలి. పెదనాన్న, నాన్న అన్నదమ్ములు. పూడిమడక నుంచి తెల్లవారే వచ్చే చేపను దించుకుని అనకాపల్లి మార్కెట్లో పెదమ్మ, అమ్మ అమ్ముతారు. బేరం ఆడవాళ్ళది, మోతా తూకమూ మగవాళ్ళవి. వీళ్ళందరి మీదా మామ్మ, అంటే నాన్న తల్లి. ఆవిడ మార్కెట్‌కి వెళ్ళడం మానేసి చాలా కాలమైనా, గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు బాగుచేస్తూ ఇల్లంతా నడిపేది. అందరూ నన్ను బుల్లి అనేవారు. మామ్మ మాత్రం గుంటా అనేది (మా వైపు ఆడపిల్లను అలాగే పిలుస్తారు, నేల మీది గుంట కాదు).

మాకు పాఠం చెప్పేది ఒక రిటైరైన బడిపంతులమ్మ. పేరు పెట్టి పిలవమని ఎంత బతిమాలినా మాకు నోరు రాక, టీచరమ్మ అనే పిలిచేవాళ్ళం. మాకు సాయంత్రం ఏడైతే ఆవిడకి మధ్యాహ్నం రెండున్నర. చలికాలంలో ఆ రెండున్నరకే ఆవిడ కిటికీ వెనక చీకటి పడిపోయేది. మధ్యాహ్నం దీపం పెట్టుకుని, ఊలు శాలువా కప్పుకుని, నవ్వుతూ మాతో అక్షరాలు దిద్దించే ఆ మనిషిని చూసి నేను నిజంగా నోరెళ్ళబెట్టేదాన్ని. నా ఎదురుగా ఫ్యాను తిరుగుతోంది, పెరట్లో ఐసు పెట్టెలు కడుగుతున్నారు, ఇక్కడి చేపల వాసన మధ్య అక్కడి మంచు కనిపిస్తోంది. ఆవిడ నా పేరు పిలిస్తే ఒళ్ళు జలదరించేది. అంత దూరంలో ఒకరికి నా పేరు తెలుసు.

నేను బోర్లా పడింది నాది, నీది, వాడిది, ఆమెది అనే పాఠం దగ్గర. వాళ్ళు మామూలుగా వస్తువును ముందు చెప్పి, అది ఎవరిదో తర్వాత చెబుతారు. పుస్తకం నాది అన్నట్టు ‘బూకా మి’ అంటారు. వస్తువును ముందు నిలబెట్టి, ఆ తర్వాత మనిషిని పిలవడం నాకు ఎంతో మర్యాదగా అనిపించింది. అంతకంటే ఆశ్చర్యం ఇంకొకటుంది. వాడు ఎవరి సైకిల్ తీసుకెళ్ళాడు, తన సైకిలా, ఇంకొకడి సైకిలా అని వాళ్ళు మాటలోనే తేల్చేస్తారు. అచ్చం మన ‘తన’ లాంటి మాట వాళ్ళకి ఒకటుంది. సముద్రాలవతల, మధ్యాహ్నమే చీకటి పడే చోట, మన ‘తన’ ఒకటి కూర్చుని ఉందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. టీచరమ్మకి చెబితే ఆవిడ కుర్చీలో ముందుకు జరిగి, ‘తన, తన’ అని రెండుసార్లు పలికి చూసుకుంది. ఆ మాట ఆవిడ నోట వినడం కూడా నాకు పండగే.

ఇంత మురిసిపోయినదాన్ని మాట్లాడమంటే మాత్రం ఒకటే పాట. మా ఇల్లు, మా మంచం, మా దువ్వెన. అన్నిటికీ ‘వోర్’, అంటే మాది. “మా టూత్ బ్రష్” అని చెప్పిన రోజు టీచరమ్మ ఎంతో మృదువుగా, “ఎంతమందిది?” అని అడిగింది. తోటి నర్సులు మైకులు కట్టేసుకుని మరీ నవ్వారు. పరీక్షలో ఇంట్లో వస్తువుల గురించి తప్పకుండా అడుగుతారనీ, ఇలా మాట్లాడితే నెగ్గడం కష్టమనీ ఆవిడ హెచ్చరించింది. ఇంట్లో ప్రతి వస్తువు మీదా అది ఎవరిదో రాసి ఒక కాగితం అంటించుకుని, వస్తూ పోతూ చదువుకోమంది. వాళ్ళ దేశంలో భాష నేర్చుకునేవాళ్ళు అలాగే చేస్తారట. చేస్తారు, ఎందుకు చేయరు, అది వాళ్ళ దేశం.

కాగితాల కోసం మా ఎదురింటి టైలర్ మామ దగ్గరికి పోయాను. ఆయన కొట్టుకి వచ్చిన ప్రతి గుడ్డకీ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చుతాడు. “పేరు గుచ్చకపోతే ఏది ఎవులిదో నాకే తెలీదు బేటీ,” అంటూ ఒక కట్ట చీటీలూ, గుండుసూదుల డబ్బా ఇచ్చాడు. నలభైకి పైగా చీటీలు రాశాను. పైన నార్వే మాట, తప్పు దిద్దుకోవడానికి కింద తెలుగు. ఐసు పెట్టె పెదనాన్నది. త్రాసు నాన్నది. గ్రైండరు అమ్మది. బీరువా పెదమ్మది. గుడ్డలకి గుండుసూదులు, మిగతావాటికి అన్నం మెతుకులు (ఆ మెతుకుల కోసం చీమలు వరసకట్టి వచ్చాయి, అది వేరే గొడవ). మార్కెట్ నుంచి వచ్చిన అమ్మ గ్రైండరు చూసి, “ఏటే ఇది?” అంది. “పరీక్షకమ్మా,” అన్నాను. పరీక్ష అనే మాటకి మా ఇంట్లో ఎదురు ప్రశ్న ఉండదు. నాలుగు రోజులు ఆ చీటీల మధ్య తిరుగుతూ వల్లె వేశాను. నా అంతటిది లేదనుకున్నాను.

నేను చూసుకోనిదల్లా రోజూ ఐసు తెచ్చే వ్యాను డ్రైవర్ని. అన్నదమ్ములున్న ఇల్లు, పెట్టె మీద ఒకరి పేరు, త్రాసు మీద ఒకరి పేరు. మా వైపు ఎవరికైనా దానికి ఒకటే అర్థం. వాటాలు వేసుకుంటున్నారు. పాపం అతను ఏమీ కల్పించలేదు, చూసిందే చెప్పాడు. ఆ చెప్పడం ఎలమంచిలిలో మొదలుపెట్టి నక్కపల్లి దాకా చెప్పుకుంటూ పోయాడు. నక్కపల్లిలో మా పెద్ద మామయ్య ఉన్నాడు, అమ్మకి అన్నయ్య.

సరిగ్గా పరీక్ష రోజు పొద్దున్న పదకొండు గంటలకి మామయ్య, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఇస్త్రీ చొక్కాతో దిగాడు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. హాల్లో నిలబడి చీటీలన్నీ ఒక్కొక్కటే చదివి, నాన్న వైపు తిరిగి, “ఇంత కతైతే నాకో మాట సెప్పాల కదా బావా. నా సెల్లికి గ్రైండరొకటీ, ఆయనకి ఐసు పెట్టా?” అన్నాడు. నాన్న అయోమయంగా పెదనాన్నని చూశాడు. పెదనాన్న చీటీ అంటించి ఉన్న తన కుర్చీలోంచి నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు అలా చూసుకోవడం నేను అంతకుముందు చూడలేదు. పరీక్ష వంకతో నువ్వా రాయించావు అని ఇద్దరూ లోపల్లోపల అడుగుతున్నారు. పరీక్ష సంగతి ఎగిరిపోయింది. పాతికేళ్ళ కాపురాన్ని నాలుగు మెతుకులతో విడగొట్టానని అర్థమైంది. “నేనే, పాఠం కోసం,” అని ఏదో గొణిగాను. ఎవరూ వినలేదు.

అప్పుడు అమ్మ లోపల్నుంచి వచ్చి, గ్రైండరు మీది చీటీ పీకి, “ఇది నాదని ఎవులు సెప్పేరు? సారెలో తెచ్చేను, నిజమే. రోజూ రుబ్బేది అక్క. అక్కది,” అంది. పెదమ్మకి కోపం వచ్చింది. “నీ పుట్టింటోలిచ్చిన సరుకు నాకెందుకే సెల్లీ. ఈ బీరువా కూడా నాది కాదు. దాంట్లో నా కోకలు నాలుగే ఉన్నాయి, మిగతావన్నీ నీవీ పిల్లవీ,” అంది. పెదనాన్న ఐసు పెట్టె తమ్ముడిదన్నాడు, ఎందుకంటే మోసేది తమ్ముడు. నాన్న త్రాసు అన్నయ్యదన్నాడు, తూకం నేర్పింది అన్నయ్య కాబట్టి. ఇక చూడండి. మంచం, కుర్చీ, స్టవ్వు, ఒక్కొక్క చీటీ పీకడం, నాది కాదంటే నాది కాదని కేకలు. నేను గోడకి ఆనుకుని గుడ్లప్పగించి చూస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళు ఆ ఇంట్లో పెరిగాను. ఆ వస్తువులకి ఇన్ని కథలున్నాయనీ, నేను రాసిన నలభై చీటీల్లో ఒక్కటి కూడా సరైంది కాదనీ ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్ళూ నార్వేవాళ్ళ భాష చూసి ఆశ్చర్యపోయినదాన్ని, మా వాళ్ళను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను.

చెల్లెలి వాటా నిలబెట్టడానికి వచ్చిన మామయ్యకి ఏం చేయాలో తోచలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన, “ఎవులికీ ఒద్దంతన్నారు. మరి మమ్మల్నెందుకు తెచ్చేవు?” అని ఆయన్నే నిలదీశాడు. ఆ సందట్లో గుమ్మం దగ్గర్నుంచి మామ్మ గొంతు వినిపించింది.

“గుంటా, నా పేరున్న కాగితం ఏదే?”

ఇల్లంతా వెతికాను కళ్ళతోనే. లేదు. కత్తిపీట పెదమ్మకి ఇచ్చేసింది, చేపల గంప అమ్మకి ఇచ్చేసింది, మంచం నాన్న నడుం నొప్పికి ఇచ్చేసింది. ఆ ఇంట్లో ప్రతిదీ ఆవిడ చేతి మీదుగా వచ్చిందే, చీటీ అంటించడానికి మాత్రం ఒక్కటీ మిగలలేదు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మామ్మ మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. “ఓ కాగితం మీద మామ్మది అని రాసి ఇటియ్యి,” అంది. రాసిచ్చాను. తలకిందులుగా పట్టుకుని చూసి, నన్ను దగ్గరికి రమ్మని, నా జాకెట్టు చేతికి గుండుసూదితో గుచ్చింది. అప్పుడు మామయ్య వైపు తిరిగి, “పంచుకుంటే పంచుకోండి బాబూ. ఇది మట్టుకు నాది. ఎవులికీ ఇవ్వను,” అని మళ్ళీ ఎండుచేపల మీదికి వంగింది. మామయ్య చెప్పులు విడిచి నేల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తర్వాత చేపల పులుసుతో అన్నం కూడా తిన్నాడు.

మూడు గంటలకి పరీక్ష. హాల్లో జనం ఉన్నారని టైలర్ మామ కొట్టులో కూర్చున్నాను. ఆయన పాపం మిషను ఆపుకుని బయట నిలబడ్డాడు. ఫోన్‌లో టీచరమ్మా, పక్కన ఒక పొడుగాటి పెద్దాయనా. మీ ఇంట్లో వస్తువుల గురించి చెప్పు అన్నారు. బట్టీ పట్టిందంతా అబద్ధమని తేలిపోయింది కదా, ఏం చెప్పను. జరిగింది జరిగినట్టు వచ్చీరాని భాషలో చెప్పాను. గ్రైండరు అమ్మది కాదు, పెదమ్మది. కాదు, పెదమ్మ కూడా తనది కాదంది. పెట్టె పెదనాన్నది కాదు, తన తమ్ముడిదట. ఎన్ని తప్పులు పోయాయో లెక్కలేదు. ఆ పెద్దాయన పెన్ను కింద పెట్టేసి వింటున్నాడు. అంతా అయ్యాక, “మరి నీదేది?” అని అడిగాడు.

నలభై చీటీల్లో నా పేరుతో నేను ఒక్కటీ రాసుకోలేదు. తల వంచుకున్నాను. జాకెట్టు చేతికి చీటీ ఇంకా ఉంది. “యెయ్ ఆర్ హెన్నెస్,” అన్నాను. నేను ఆమెదాన్ని అని. ఎవరిదానివని అడిగితే మామ్మ సంగతి చెప్పాను. తర్వాత టీచరమ్మ ఆ చీటీ చూపించమంది. చెయ్యి మెలితిప్పి కెమెరాకి ఆనించాను. తమకు చదవడం రాని ఆ మూడు తెలుగు అక్షరాల కోసం ఇద్దరూ తెర మీదికి వంగి చాలాసేపు చూశారు.

నెగ్గాను. బయల్దేరే రోజు ఏడుస్తుంటే మామ్మ, “ఎవులికీ ఇవ్వనన్నాను గానీ ఎక్కడికీ పంపనన్నేదు కదే,” అంది. అక్కడ మూడేళ్ళు చేశాను. హోములో ముసలమ్మల ప్రతి స్వెట్టరుకీ పేరు రాసిన గుడ్డముక్క కుట్టి ఉండేది. మొదటి రోజు అది చూసి టైలర్ మామ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. నేను తిరిగొచ్చేదాకా మామ్మ ఉంది, ఆ తర్వాత ఒక ఏడాదికి పోయింది. ఇప్పుడు టైలర్ మామ కొట్టు మీది గదిలోనే నర్సు పిల్లలకి ఆ భాష చెబుతున్నాను. వాళ్ళూ మా ఇల్లు, మా మంచం, మా దువ్వెన అంటారు. చీటీలు అంటించుకోమనే చెబుతాను, కాకపోతే హాస్టల్లో అంటించుకోండి, ఇళ్ళల్లో వద్దు అని ఒకటికి రెండుసార్లు హెచ్చరిస్తాను. మామ్మ చీటీ నా పాఠం పుస్తకంలో ఉంది, గుండుసూది తుప్పుపట్టి కాగితం మీద మరక పడింది. ఇల్లంతా అన్నం మెతుకులు పూస్తూ తిరిగిన ఆ పిల్లకి తన పేరుతో ఒక్క చీటీ రాసుకోవాలని తోచలేదంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రాసుకుని, ఇంకేదో నాదని మురిసిపోతూ ఉండి ఉంటే, ఆ పెద్దాయన అడిగినప్పుడు దాని పేరే చెప్పి ఊరుకునేదాన్ని.