ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు

ఆంటీ నోరు మూయించాలని నేను రెండు వారాలు కాచుకుని కూర్చున్నాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అంత కసిగా ఉండేది.

అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో మా వీధి చివరి ఇల్లు ఆవిడది. రిటైరైన డాక్టరుగారి భార్య. మంచు పడితే డ్రైవ్ చేయరు కాబట్టి చలికాలం శనివారాలు ఇండియన్ స్టోర్‌కి నా కార్లోనే వచ్చేవారు. నాకు గోధుమ పడదని, అందులోని గ్లూటెన్ పిసరంత లోపలికి వెళ్ళినా పేగులు పాడవుతాయని తెలిసిన రోజు నుంచీ ఆవిడ నన్ను వదిలితే ఒట్టు. నేను ప్రతి ప్యాకెట్టూ తిప్పి వెనక ఏం రాశారో చదువుతుంటే పక్కన నిలబడి నిట్టూర్చేవారు.

"మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా. అంకుల్ అన్నేళ్ళు ప్రాక్టీస్ చేశారు, ఇలాంటి కేసు ఒక్కటీ చూడలేదు. ఈ గ్లూటెన్ గోలంతా ఫ్యాషన్."

ఒళ్ళు మండిపోయేది. పెద్దావిడ కదా అని పళ్ళు బిగబట్టి, సేమ్యా, రవ్వ, సోయా సాస్ అన్నీ అక్కడే వదిలేసి, అట్టముక్కలాంటి బ్రెడ్డు ఒకటి కార్ట్‌లో వేసుకునేదాన్ని.

పద్నాలుగు నెలలు అలా నోరు కట్టుకున్నా రక్తపరీక్షలో ఆ జబ్బు తాలూకు అంకె దిగలేదు. కడుపు ఏనాడూ కుదురుగా లేదు. "మీకు తెలియకుండా ఎక్కడో తింటున్నారు. మూడు నెలల్లో తగ్గకపోతే స్టెరాయిడ్స్ మొదలుపెట్టాల్సి రావచ్చు" అంది మా డాక్టరు. పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఏడ్చాను. ఎవరు పెడుతున్నారు నాకిది?

ఆ మధ్యే, తలా ఒక వంటకం తెచ్చే ఒక పాట్‌లక్‌లో ఆంటీ నా ప్లేట్లో రెండు గరిటెలు పులిహోర వేశారు. నేను వెనకాడితే, "పులిహోరలో గోధుమెక్కడిదే, నీ మొహం" అని అందరి ముందూ నవ్వారు. తిన్నాను. మూడు రోజులు మంచం దిగలేదు.

తర్వాత ఒక సాయంత్రం ఒక్కదాన్నే స్టోర్‌కి వెళ్ళి, ఎప్పుడూ చదవనివి కూడా చదవడం మొదలుపెట్టాను. పొడి ఇంగువ డబ్బా తిప్పాను. గోధుమ పిండి. ఇంగువ ఘాటు తగ్గించి పొడిలా చేయడానికి కలుపుతారట. అజీర్తికి మందని మజ్జిగలో కలిపి ఇచ్చే ఇంగువలో గోధుమ ఉంటుందని ఎవరనుకుంటారు? ఆంటీ పులిహోరకి పేరొచ్చిందే ఇంగువ ఘుమఘుమతో. అడ్డంగా దొరికిపోయారు అనుకున్నాను.

కావాలనే శనివారం పదకొండు గంటలకి తీసుకెళ్ళాను, మనవాళ్ళంతా కూరగాయల దగ్గర మూగే వేళకి. ఇంగువ డబ్బా ఆవిడ చేతిలో పెట్టాను.

"ఆంటీ, నా కళ్ళజోడు మర్చిపోయాను. కాస్త గట్టిగా చదువుతారా?"

కళ్ళజోడు నా బ్యాగ్‌లోనే ఉంది. ఆవిడ డబ్బాని దూరంగా పట్టుకుని ఒక్కో మాటా చదివారు. వీట్ ఫ్లోర్ దగ్గర ఆగిపోయారు.

"మీ పులిహోర తిని మూడు రోజులు లేవలేదు నేను. గోధుమెక్కడిది అన్నారుగా, ఇదిగో ఇక్కడుంది. నాకు ఫ్యాషన్ కాదాంటీ. స్టెరాయిడ్స్ ఇస్తామంటున్నారు."

పాట్‌లక్‌కి వచ్చినవాళ్ళే ఇద్దరు బెండకాయలు ఏరడం ఆపి ఇటు చూశారు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నారు, అందరికీ వినబడేలాగే. డబ్బాని తీసిన చోటే జాగ్రత్తగా పెట్టారు.

కార్లో రెండు సిగ్నళ్ళు దాటాక ఆవిడ మెల్లగా అన్నారు. "నేనిక్కడ ఇంగువ కొననమ్మా. నీకీ జబ్బు బయటపడకముందు ఇండియా నుంచి వచ్చి నాకో డబ్బా ఇచ్చావు చూడు, మీ ఊరి కొట్టుది, వాసన బాగుంటుందని. అదే ఇంకా వాడుతున్నాను. నీ దగ్గర కూడా ఉందేమో చూసుకో."

బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ పక్కన గాజు సీసాలో ఉంది. డబ్బా ఎప్పుడో పారేశాను, ఆంటీని పట్టుకోవాలన్న కసిలో దీని సంగతే తట్టలేదు. పప్పులో, చారులో, మజ్జిగలో రోజూ చిటికెడు, నా చేత్తో నేనే వేసుకుంటున్నాను.

సీసాతో సహా చెత్తలో పడేశాను. మూడు నెలలకి అంకె దిగింది, స్టెరాయిడ్స్ తప్పాయి.

ఆంటీ ఇప్పటికీ శనివారాలు వస్తారు. ఇప్పుడు నాకంటే ముందు ఆవిడే ప్యాకెట్లు తిప్పి చదువుతారు. నేను మాత్రం సారీ చెప్పలేదు. ఆ ఇంగువ నేనిచ్చిందేనన్న మాట స్టోర్‌లోనే, వాళ్ళందరి ముందే అని ఉంటే చెల్లుకు చెల్లయ్యేది. కారు తలుపులు వేసేదాకా ఆగి నా పరువు నిలబెట్టారు చూడండి, అందుకే ఆవిడని ఇంకా క్షమించలేకపోతున్నాను.