పన్నెండు మాటల అవ్వ

మా అవ్వ ఎవరో తెలుసుకోవాలంటే ఒకప్పుడు మా ఇంట్లో ఫోన్లన్నీ వరసగా పేర్చాల్సి వచ్చేది. రేషన్ మెసేజీ పెదనాయన ఫోనుకు, గ్యాసుది చిన్నాయన ఫోనుకు, పింఛనుది మా అన్న ఫోనుకు వచ్చేవి. అవ్వకంటూ ఒక ఫోను ఉండాలని ఎవరికీ తోచలేదు. తమిళనాట కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి చేలో సొంతంగా మిరప పండించే మనిషి, కాగితాల లెక్కన మాత్రం మగవాళ్ల జేబుల్లో బతుకుతుండేది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మధ్య విరుదునగర్‌లో మిరప కొనే ఒక కంపెనీ కొత్త ఏర్పాటు చేసింది. ఏ బస్తా ఎవరి చేలో పండిందో ఎప్పటికీ చెరగకుండా బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తారట. అందుకని ప్రతి రైతుకూ ఫోనులో ఒక గుర్తింపు. దాన్ని తెరిచేవి పన్నెండు రహస్యపు మాటలు. అవి ఆ రైతుకు తప్ప కంపెనీకి కూడా తెలియవు, మరిచిపోతే దిక్కులేదు. నేను విరుదునగర్‌లోనే ఒక పప్పుల మండీలో పనిచేస్తూ రోజూ రైల్లో వెళ్లివస్తుంటాను కాబట్టి, అవ్వకో ఫోను కొని వెంట తీసుకెళ్లే పని నా నెత్తిన పడింది.

"బ్లాక్ చైను అంటే నల్లపూసలు గదా. మీ తాత పోయినంక నాకేల పాపా అది?" అంది అవ్వ రైలెక్కగానే. కాదని ఒప్పించేసరికి సాత్తూరు దాటింది.

ఆ యాప్ హైదరాబాదు వైపు తయారైంది. చదువు రానివాళ్లకు మాటలు పైకి చదివి వినిపిస్తుంది. తమిళం ఇంకా సిద్ధం కాలేదు, తెలుగు ఉంది. మేము తెలుగువాళ్లమని వినగానే అక్కడి నుంచే వచ్చిన కంపెనీ అమ్మాయి మొహం వెలిగిపోయింది. వార్తలు చదివినట్టు తెలుగులో అవ్వను పలకరించింది. గడప దాటితే తమిళమే మాట్లాడే అలవాటు కొద్దీ అవ్వ తమిళంలో జవాబిచ్చింది. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య నేను దుబాసీనై నిలబడ్డాను.

"ఈ మాటలు మీ పిల్లలకు కూడా చెప్పకూడదు" అంది ఆ అమ్మాయి. ఆ ఒక్కటీ అవ్వకు నేను చెప్పకుండానే అర్థమైంది. అయినా నన్ను అడిగింది.

"పెద్దోడికి గూడా చెప్పకూడదా?"

"చెప్పకూడదు."

"వాడే అడిగితే?"

"అడిగినా."

అవ్వ మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

మమ్మల్నందరినీ బయటికి పంపి, అవ్వ ఒక్కతే గదిలో కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని మాటలు వింది. చిక్కేమిటంటే, అందులో చాలా మాటలు ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు. అర్థం తెలియనిది మనసులో ఎట్లా నిలుస్తుంది? ఎవరినైనా అడిగితే రహస్యం పోతుంది. దానికి అవ్వ ఒక దారి కనిపెట్టింది. ఒక్కొక్కరిని ఒక్కొక్క మాటే అడగడం. తిరుగు రైల్లో నన్ను "వంతెన అంటే ఏమి?" అంది. పాలం అని తమిళంలో చెప్పాను. శ్రీవిల్లిపుత్తూరు అత్తకు ఫోను చేయించి శిశువు గురించి అడిగింది. చీరలు అమ్మడానికి ఆంధ్రా పోయివచ్చే నేతాయన గవాక్షం అంటే జన్నల్ అని చెప్పాడట. ఆలంగుళంలో ఉన్న మేనల్లుడి వంతుకు ఔషధం వచ్చింది. మిగతావి ఎవరెవరికి పంచిందో అప్పట్లో మాకు తెలియదు. పెదనాయన పాలకోవా తెచ్చి మెల్లగా కదిలించి చూశాడు. అవ్వ కోవా తినింది, మాట చెప్పలేదు.

కోతలు మొదలయ్యే వేళకు ఫోను గ్రైండర్లో పడింది. ఆ పూట ఇడ్లీలు మానుకున్నాం. కొత్త ఫోను కొని, యాప్ ఎక్కించి, పన్నెండు మాటలూ వరసగా చెప్పమన్నాం. అవ్వ ధీమాగా కూర్చుంది.

"పాలం" అంది.

"క్షమించండి, పదం సరికాదు" అంది ఫోను.

"బిడ్డ" అంది. మళ్లీ క్షమాపణే. ఆమె అర్థాలన్నీ పదిలంగా పెట్టుకుని మాటల్ని పారేసింది.

బస్తాలు తూకానికి వెళ్లేలోగా గుర్తింపు తెరవకపోతే ఆ చేను ఇంటి పెద్దగా పెదనాయన పేరున ఎక్కుతుంది. ఎక్కితే ఇక చెరగదు.

"నా పేరున ఉంటే ఏమ్మా? నేనేమన్నా వేరే మనిసినా?" అన్నాడు పెదనాయన.

"నువ్వు వేరే మనిసివే గదరా" అంది అవ్వ. ఆయనకు ఆ మాట గుచ్చుకుందని చూసి నాకు లోపల సంబరమైంది.

కబుర్లు వెళ్లాయి. అర్థాలు చెప్పినవాళ్లంతా మా పంచలో చేరారు. పిల్లకు పేరు పెట్టినట్టు ఒక్కొక్కరూ వచ్చి అవ్వ చెవిలో తమ మాట ఊదారు. అవ్వకు కాస్త చెవుడు కనుక అరవాల్సి వచ్చింది, వీధి చివరిదాకా వినిపించింది. ఔషధం దగ్గర బండి ఆగింది. మా నోళ్లలో ఒత్తులు ఏనాడో అరిగిపోయాయి. అవ్వ "ఔసదం" అంటుంది, ఫోను క్షమించమంటుంది. మేనల్లుడు పొట్టలోంచి గాలి తీయమన్నాడు. ఆమెకు సాయంగా పంచలో జనమంతా "ధ, ధ" అని సాధన చేశారు. నేతాయనకు దగ్గు తెర వచ్చింది. చివరికి ఏ గాలి కలిసివచ్చిందో, ఫోను ఒప్పుకుంది. రహస్యం వీధిపాలైందని ఒక్కరికీ పట్టలేదు.

పన్నెండో మాట మిగిలింది. దాని తాలూకు మనిషి ఎవరూ లేవలేదు.

"ఇది ఎవరిని అడిగినావు అవ్వా?"

"ఎవుర్నీ అడగలే. తెలిసిన మాటే."

"అయితే చెప్పు."

అవ్వ తల వంచుకుంది. మరిచిపోయిందని అందరూ నిట్టూర్చారు. పెదనాయన తన ఫోను బయటికి తీశాడు. మతిమరుపు మనిషి అంత సిగ్గుపడదు గదా అనుకున్నాను. అప్పుడు తట్టింది. మావైపు పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. తాత పేరు రోజూ వాడే ఒక మామూలు మాట. అవ్వ ఆ మాట రావలసిన చోటల్లా ఇంకేదో చెప్పి తప్పించుకునేది. అదేమిటో ఇక్కడ రాయను, అది ఆమె సొత్తు.

అందరినీ లేపి వాకిట్లోకి తోలి, అవ్వను లోపల కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశాను. అవ్వ కిటికీ కూడా మూసుకుంది. తరువాత సన్నగా ఆ మాట వినిపించింది. వెంటనే "ధన్యవాదాలు, మీ గుర్తింపు తెరుచుకుంది" అని ఫోను బిగ్గరగా అంది.

పెదనాయన తలుపు మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల ఫోను ఇంకేమీ అడగడం లేదు. అవ్వ ఆ మాట మళ్లీ అంది. కాస్త ఆగి, అన్నానికి పిలిచినట్టు, మళ్లీ అంది.